అందరికీ తొంభై మూడు

ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ గేటు దగ్గర మా మేనత్తని అందరూ తుపాకీ అక్క అంటారు. లోపలికెళ్లే ప్రతివాడి నుదుటికీ థర్మామీటర్ తుపాకీ గురిపెట్టి జ్వరం చూడటం ఆమె పని. నుదురు చూపించి పోయేవాళ్లే తప్ప ఆమె మొహం చూసే నాథుడు లేడు. మొన్న ఎండన పడి వచ్చిన ఒకణ్ణి జ్వరమని తిప్పి పంపింది. కాసేపు నీడన కూర్చుంటే తగ్గిపోయే వేడి అది. "ఇంకోసారి మంచివాణ్ణి ఆపావో, నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు సూపర్‌వైజర్.

యంత్రమే వేడెక్కి ఉంటుందనుకుంది అత్త. నిన్న మధ్యాహ్నం దాన్ని తీసుకెళ్లి ఐస్ గదిలో పెట్టింది!

షిఫ్టు గంట మోగగానే బయటికి తెచ్చి గురిపెట్టింది. తొంభై మూడు. వెనకవాడికీ తొంభై మూడే.

"అక్కా, మేం బతికే ఉన్నామా?"

"సరుకంతా మీరే తింటే చల్లబడరేంట్రా! పదండి, పదండి!"

తర్వాత మిక్సర్ మేస్త్రి. తొంభై ఎనిమిది. అత్త చేయి అడ్డం పెట్టింది.

"ఆగన్నా!"

"ఎందుకాగాలి? లైను మొత్తానికి మనిషిలా ఉన్నది నేనొక్కణ్ణే!"

"అదే నా భయం. అందరూ చల్లగా ఉంటే నువ్వొక్కడివే ఎందుకు కాగుతున్నావ్?"

"ఓ సూపర్‌వైజర్ గారూ, ఇటొచ్చి ఈ వింత చూడండి!" అని కేకేశాడు మేస్త్రి.

ఆ పేరు వినగానే అత్తకి ఉద్యోగం గుర్తొచ్చింది. చేయి మాత్రం దించలేదు. మేస్త్రి పనిచేసేది మూతలేని పాలతొట్టి మీద వంగి.

లైన్లో ఉన్న నేను ముందుకు తోసుకొచ్చి తుపాకీ మూతి చూశాను. అద్దం నిండా చెమ్మ! పొయ్యిని ముట్టుకోకుండానే సెగ తగులుతుంది కదా, మన ఒంటి నుంచీ అలాంటి కిరణాలు ఎప్పుడూ వెలువడుతుంటాయి, కంటికి కనిపించవంతే. అద్దం వాటిని పోగుచేసి లోపలి చిన్న బిళ్ల మీద పడేస్తుంది. ఆ బిళ్ల వేడెక్కినదాన్ని బట్టి కరెంటు పుడుతుంది, అదే అంకెగా మారుతుంది. చెమ్మ అడ్డుపడితే సెగ పూర్తిగా లోపలికి పోదు. యంత్రమే గడ్డకట్టుకుపోయి ఉంటే లెక్కా తప్పుతుంది.

"అత్తా, దాన్ని ఆరనీ!" అని అరిచాను.

ఆరబెట్టాం. ఈలోగా సూపర్‌వైజర్ రానే వచ్చాడు. "ఏంటీ సంత?" అనేలోపే అత్త ఆయన నుదుటికే గురిపెట్టింది. తొంభై ఏడున్నర! వెంటనే మేస్త్రికి.

నూట రెండు!

మేస్త్రి గోడకు చేరగిలబడ్డాడు. "పొద్దుట్నించీ ఒకటే చలి, అమ్మా. ఇంట్లో ఉంటే మా ఆవిడ సూది వేయిస్తుందని పారిపోయొచ్చా."

సూపర్‌వైజర్ నోరు తెరిచాడు. అత్త ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"చూస్తారేంటి సార్, లోపలికెళ్లినవాళ్లందర్నీ బయటికి పిలవండి, మళ్లీ చూడాలి!"

ఆయన పరిగెత్తాడు.