అడుగు పడని చెక్క

ముందుగా నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. చప్పుడు వినిపించింది. నేనొక్కణ్ణే కాదు, నా భార్య సుజాత కూడా వింది. చెక్కల మీద నూనె అప్పటికింకా ఆరలేదు. ఈ మూడింటికీ ఎవరి ముందైనా ప్రమాణం చేయగలను. ఆ చెక్కల పూర్వకథ మాత్రం పక్కింటి భాస్కరం గారు తర్వాత చెప్పింది. దాన్ని విన్న మాటగానే ఉంచుతాను. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా దయ్యాల కథ ఎత్తుకుంటే సగంలో ఆపి ప్రశ్నలు వేసే రకం. అయినా చెబుతున్నాను... ఇది జరిగింది.

రావులపాలెం దాటాక కాలువ గట్టున మేం కొనుక్కున్న ఇంటి వెనక, మెట్ల దగ్గర మొదలై నీటి మీదికి చొచ్చుకుపోయిన చెక్క వేదిక ఒకటి ఉంది. అడ్డంగా పరిచిన పాత చెక్కలు. ఎండకూ వానకూ బూడిదరంగు తిరిగి, నాచు పట్టి, మేకులు పైకి తేలి ఉండేవి. కార్తీక పౌర్ణమికి అక్కణ్ణుంచి దీపాలు వదులుదాం రమ్మని సుజాత వీధిలోని ఆడవాళ్లందరినీ పిలిచింది. పిలిచాక నాకు చెప్పింది. అప్పటికి నా దగ్గరున్నవి రెండు రోజుల సెలవు, ఒక సుత్తి, ఫోనులో చూసిన నాలుగు వీడియోలు.

నా భయం ఒక్కటే. అరటి దొప్పల్లో దీపాలు పట్టుకుని అందరూ ఒకేసారి నీటి అంచుకు చేరతారు. అక్కడే వంగుతారు. చంకల్లో పిల్లలు, కింద నిండుగా పారే కాలువ. ఒక్క చెక్క విరిగితే చాలు.

రంగుల దుకాణం నడిపే భాస్కరం గారు గోడ మీంచి తొంగిచూశారు. "ఏంటి మాస్టారూ, చెక్కలకి పరీక్షలు పెడుతున్నారా? ఎన్ని పాసయ్యాయండీ?"

"అన్నీనండి. ప్రతిదాన్నీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను. ఎక్కడా దిగలేదు."

"అయితే సరే. రేపు మా ఆవిడ కూడా వస్తోంది. తర్వాత నన్ననకండి!"

నాచు గీకాను. సాండ్ పేపర్‌తో రుద్దాను. మేకులు దిగగొట్టాను. కొన్ని ఒక్క దెబ్బకే దిగిపోతే నా చేయి తిరిగిందనుకుని సంబరపడ్డాను. పౌర్ణమి ముందురోజు చీకటి పడేసరికి అవిసె నూనె పట్టించడం పూర్తయింది.

భోజనాలయ్యాక ఇద్దరం వెనక మెట్ల మీద కూర్చున్నాం. వెన్నెల. గాలి చల్లబడుతోంది.

టక్...

నీటి అంచున. మళ్లీ... టక్. దాని పక్క చెక్క. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆపైన మళ్లీ మొదలైంది. ఒక్కో చెక్కా. బరువుగా. తీరిగ్గా. అడుగుకీ అడుగుకీ మధ్య ఊపిరి తీసుకున్నంత ఎడం... మా వైపే.

సుజాత నా మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ... ఎవరో నడుస్తున్నారండీ."

"చలికి చెక్క ముడుచుకుంటుంది. మేకు దగ్గర బిగువు సడలితే చప్పుడొస్తుంది."

"ఇలా వరసగానా?"

"నీటి వైపు ముందు చల్లబడుతుంది కదా." నా గొంతు పాఠం అప్పజెబుతున్నట్టుంది.

మెట్ల ముందు ఆగింది. చేయి చాస్తే అందేంత దగ్గర. అక్కడ ఏమీ లేదు. వెన్నెల్లో మెరిసే నూనె తప్ప... ఏమీ లేదు. కాలువ పారుతున్న సవ్వడి కూడా నాకు వినిపించడం మానేసింది.

తర్వాత అది వెనక్కి వెళ్లింది.

ఈసారి తేలిగ్గా. వడివడిగా. టకటకమంటూ నీటి వైపు... అంచుకు చేరబోతూ ఒక్కచోట చప్పుడు తెగింది. మళ్లీ రెండు టక్కులు. అంతే.

"అంచు నుంచి మూడోదాన్ని మళ్లీ తొక్కలేదండీ," అంది సుజాత. "వచ్చేటప్పుడూ అంతే."

టార్చి తెచ్చాను. నూనె మీద పిల్లి అడుగు కూడా లేదు. నా వేలు ఆనిస్తే మాత్రం ముద్ర పడింది.

తెల్లవారగానే అంచు నుంచి మూడో చెక్కను పెకలించాను. పైన రాయిలా ఉంది. కింద మేకులు దిగిన చోటంతా పుచ్చి పొడి రాలింది. నేనేమో పైనుంచే పొడిచి పాస్ చేశాను.

కొత్త చెక్క తెచ్చిన భాస్కరం గారు సుజాత చెప్పిందంతా విన్నారు. నవ్వలేదు. "ఇవి పాత పంటు చెక్కలండి. ఇక్కడి రేవులో జనాన్ని అవతలి గట్టుకి దాటించే బల్లకట్టే, ఆ పంటు. గెడ వేసేవాడు వెదురు గెడని కాలువ అడుగున ఆనించి నెడుతూ ఈ కొస నుంచి ఆ కొసకి బరువుగా నడుస్తాడు. మళ్లీ వెయ్యడానికి గబగబా వెనక్కొస్తాడు."

రాత్రి మేం విన్న నడక సరిగ్గా అదే. అయితే ఆయన ఈ సంగతి మా మాట విన్నాకే చెప్పారు. అందుచేత దీన్ని సాక్ష్యంగా లెక్కించను.

ఆ సాయంత్రం అందరూ అంచున వంగి దీపాలు వదిలారు. భాస్కరం గారి భార్య సరిగ్గా ఆ మూడో చెక్క మీదే మోకాళ్లూనారు. వేదిక కదల్లేదు. దీపాలు కాలువ వంపు తిరిగేదాకా నేను నీటిని చూడలేదు, చెక్కల్నే చూస్తూ నిలబడ్డాను.

పుచ్చిన చెక్కలో మేకులకు బిగువు లేదు, కనుక చప్పుడు రాలేదు. అది అర్థమైంది. వరసగా చల్లబడితే వరసగా చప్పుడు రావచ్చు. అదీ ఒప్పుకుంటాను. కాని ఒకసారి సడలిన మేకు కొన్ని క్షణాల్లోనే మళ్లీ ఎందుకు పలికింది? తిరుగు నడక ఏమిటి? ఇది తేలాలంటే ఆ పుచ్చిన చెక్కను మళ్లీ అక్కడే బిగించి, అలాంటి చలి రాత్రి కోసం కాచుకోవాలి. చెక్క పెరట్లోనే ఉంది. కాని వీధి పిల్లలు ఇప్పుడు రోజూ ఆ అంచున కూర్చుని నీళ్లలో కాళ్లాడిస్తున్నారు.

బిగించలేను.