కొండదారిలో దోసిలి

పిలిచినవాడే నీళ్ళివ్వాలి. మా ఇంట్లో ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. విందుకు పిలిస్తే విస్తరి చంకన పెట్టుకుని ఎవరు వెళతారు? అందుకే, ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా వీధి చివర ఉండే తెలుగాయన, నాకన్నా చిన్నవాడు, "అన్నగారూ, శనివారం కొండకి వెళ్దాం, మీరు రావాల్సిందే" అని పిలిస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరాను. నీళ్ళు పట్టుకెళ్ళలేదు.

కారు దిగగానే ఆయనా, ఆయన భార్యా, కాలేజీలో చదివే కూతురూ తలా ఒక సంచీ వీపుకి తగిలించుకున్నారు. ఎవరి సీసా వాళ్ళ సంచీ పక్కన. నా చేతుల్లో గొడుగు తప్ప ఏమీ లేదని ఒక్కరూ చూడలేదు.

"మీ తాతగారైతే పల్లకీలో ఎక్కేవారు కదా అన్నగారూ!"

"ఎక్కేవారు. బోయీలకి ముందు భోజనం పెట్టించి ఎక్కేవారు."

"పెద్దాయన్ని ఆటపట్టించకండి" అంది ఆయన భార్య. ఆవిడా నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. మా దివాణం ఇప్పుడు ఎరువుల గోడౌన్. ఆ సంగతి నాకు ఒకరు గుర్తు చెయ్యక్కర్లేదు. పార్టీల్లో "వీళ్ళు జమీందార్లండీ, ఒకప్పుడు" అని ఆ చివరి మాట మీద ఊనిక వేసి పరిచయం చేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పోయింది భూమి. వెన్నెముక పోలేదు. వేలం రోజున కూడా మా నాన్నగారు మడత నలగని పంచెతో కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. గడువిమ్మని ఎవరినీ అడగలేదు. ఆ అడగకపోవడం ఒక్కటే నాకు దక్కిన ఆస్తి.

కొండ మాత్రం మంచిది. ఓక్ చెట్ల కింద ఎండ నాణేలంత ముక్కలుగా పడుతోంది. రాళ్ళకి నాచు, రాళ్ళ సందుల్లో ఫెర్న్ ఆకులు. దారి తప్పకుండా చెట్ల బోదెల మీద తెల్లరంగు గుర్తులు వేశారు. ఎక్కడో ఒక వడ్రంగిపిట్ట కొట్టి ఆగుతోంది. అంత నిశ్శబ్దంలో నన్ను పిలిచినాయన తన మేనేజర్‌ని తిడుతూనే నడిచాడు.

సగం దారిలో నా గొంతు ఎండిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"అంకుల్, వాటర్ కావాలా?"

"వద్దమ్మా."

"ఓకే" అంది. మూత బిగించి ముందుకి వెళ్ళిపోయింది.

ఓకే! మొదటి వద్దుని వద్దు అనుకునేవాళ్ళు ఉంటారా? "అలా కాదు, ఒక్క గుక్క" అనాలి. మళ్ళీ వద్దంటాం. మూడోసారికి గ్లాసు చేతిలో ఉండాలి. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, పోనీ అనుకుందాం. తల్లీతండ్రీ గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు. కొసరి కొసరి వడ్డిస్తే తిని పెరిగినవాళ్ళు. నా మాట విన్నారు, పిల్ల మాట విన్నారు, నడక ఆపలేదు.

శిఖరం మీద బండలెక్కి కూర్చుని పులిహోర డబ్బాలు విప్పారు.

"తింటారా అన్నగారూ?"

"ఇప్పుడేం వద్దులెండి."

"మీ ఇష్టం. ఇక్కడ మొహమాటాల్లేవు" అని తినేశాడు. కింద లోయంతా పచ్చగా పరుచుకుని ఉంది. నేను దానికేసి చూస్తూ, వీపు వాల్చకుండా కూర్చున్నాను. మర్యాదని మొహమాటం అని పేరు మార్చి పారేసినవాడి పక్కన అంతకన్నా ఏం చెయ్యగలను?

దిగడం మొదలుపెట్టాం. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నోరు తెరిచి ఒక మాట అడిగితే చాలు. అడగకుండా కారు దాకా చేరాలి, అంతే అనుకున్నాను. మలుపులో చిన్న వాగు కనిపించింది. గొడుగు పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నానో లేదో, వెనక నుంచి కేక.

"అంకుల్, నో! అది తాగకూడదు, సిక్ అవుతారు!"

తల్లీతండ్రీ మలుపు దాటి ముందుకి వెళ్ళిపోయారు. ఆ పిల్ల సీసా తీస్తూ వచ్చింది.

"నేను అడిగితే వద్దన్నారు కదా?"

"మళ్ళీ అడగాలి."

"వై?"

"అడగాలి. అంతే."

నన్ను వింతగా చూసింది. "సరే. కావాలా? కావాలా? ప్లీజ్ అంకుల్, కావాలా?"

వెక్కిరింతో కాదో తేల్చుకునే ఓపిక లేదు. చెయ్యి చాపాను. సీసా మూతి మీద ఆమె తాగిన తడి ఇంకా ఆరలేదు. ఎంగిలి. "పైనుంచి పొయ్యమ్మా" అని దోసిలి పట్టాను.

ఆమె ఎగువ రాయి మీద ఉంది, నేను దిగువన. చొక్కా తడవకుండా బాగా వంగాల్సి వచ్చింది. నీళ్ళు పడ్డాయి. మోచేతుల దాకా కారాయి. తాగుతూ ఉండగానే మా పెరటి గుమ్మం కళ్ళ ముందుకి వచ్చింది. అరుగు మీద మా నాయనమ్మ, చేతిలో ఇత్తడి చెంబు. కింద కోతల నుంచి వచ్చిన మనుషులు, ఇదిగో ఇలాగే వంగి. చెంబు వాళ్ళకి తగలకుండా ఎత్తి పోసేది. నేను ఆవిడ కొంగు పట్టుకుని చూసేవాణ్ణి. వాళ్ళ నడుములు పుట్టుకతోనే అలా ఉంటాయనుకునేవాణ్ణి. కావాలా అని ఆవిడ ఎవరినీ అడగలేదు. చాలని ఆవిడకి తోచినప్పుడు ఆపేది.

"ఎందుకలా అంకుల్? సీసాతో తాగొచ్చు కదా. నాకేం జర్మ్స్ లేవు."

పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న కోపమంతా ఎక్కడికో తిరిగింది. మా నాయనమ్మ మీద నాకు కోపం రావడం అదే మొదటిసారి. చచ్చిపోయిన మనిషి మీద కోపం. ఎవరితో పోట్లాడాలి?

"ఇంకా కావాలా?" ఈసారి ఒక్కసారే అడిగింది.

"ఇలా ఇవ్వు" అన్నాను. నడుము ఎత్తి, నిటారుగా నిలబడి, ఆ సీసా మూతికి నోరు ఆనించి, ఖాళీ అయ్యేదాకా తాగాను.

కారు దగ్గర వాళ్ళ నాన్న ఎదురొచ్చాడు. "అన్నగారూ, ఏమైనా తాగుతారా?"

"అక్కర్లేదు" అన్నాను. మళ్ళీ అడుగుతాడేమోనని ఆగకుండా వెళ్ళి కారెక్కాను.