ఏది వింటే బాగుంటుందో చెప్పే మా అక్క

మా అక్కని ఫ్యాక్టరీలో అందరూ ‘రేడియో’ అంటారు. యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీ మాది. తను కాలర్లు కుడుతుంది, నేను పక్క మిషన్ మీద కఫ్‌లు కుడతాను. ఇరవై రెండేళ్ళుగా అక్క ఎడమ చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. అప్పట్లో రేడియో, ఇప్పుడు పాడ్‌కాస్టులు. ఎవరికి ఏ బాధ వచ్చినా డాక్టరు చీటీ రాసినట్టు ఒకటి చెప్పేస్తుంది. నడుం నొప్పా, ఫలానా ఆవిడ మాట్లాడేది విను. అత్తతో పడట్లేదా, ఆ లాయరుగారిది మూడో భాగం విను, రెండోది దండగ. నిజం చెప్పొద్దూ, తను చెప్పినవి బాగానే ఉంటాయి. మా సూపర్‌వైజర్ సిగరెట్లు మానేశాడంటే అక్క చలవే.

అంత మనిషికీ మేమంతా కలిసి ఉండే మా ఇంట్లో మాత్రం ఏ వైద్యమూ పారలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా! అక్క కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల, కాలేజీ మానేసి గదిలో మంచానికి అంటుకుపోయి మూడు నెలలైంది. పిలిస్తే గోడవైపు తిరుగుతుంది. కంచం పట్టుకెళ్ళి పెడితే రెండు ముద్దలు తిని వదిలేస్తుంది. చేతి వాచీ మోచేతిదాకా జారుతోంది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, “పిల్లతో మాట్లాడుతూ ఉండండి” అన్నారు. మాట్లాడబోతే బెల్లం కొట్టిన రాయిలా ఉలకదు పలకదు.

ఇక అక్క తనకి తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. రోజుకో పాడ్‌కాస్ట్ పిల్ల ఫోనుకి పంపడం. తను మొత్తం వినందే పంపేది కాదు. పిల్ల వింటోందో లేదో దేవుడికే తెలియాలి. తనకి తెలిసినవన్నీ అయిపోయాక, భోజనాల గంటలో టేబులు టేబులుకీ తిరిగింది. “గదిలోంచి బయటికి రాని పిల్లకి, వినడానికి ఏదైనా మంచిది చెప్పండమ్మా” అని. అందరికీ చెప్పే మనిషి అందర్నీ అడుక్కోవడం చూస్తే నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. ప్యాకింగ్ అమ్మాయి దయ్యాల కథలు చెప్పింది. కటింగ్ మాస్టరు షేర్ మార్కెట్ గురించి వినిపించమన్నాడు. ఆయన మొహం! అక్క అదీ విని, అదీ పంపింది.

చివరికి ఒకటి నేనే చెప్పాను, నా నోరు పడిపోను. ఎవరో తల్లీకూతుళ్ళు ఇంట్లో కూర్చుని చేసుకున్న పాడ్‌కాస్ట్ అది. ఆ తల్లి ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో! “నీ మంచికే కదే అన్నాను” అంటుంది, ఆగుతుంది. చాలాసేపు ఆగుతుంది. “నేనేం తక్కువ చేశాను నీకు?” అంటుంది, మళ్ళీ ఆగుతుంది. కూతురు బుద్ధిగా వింటోందనుకున్నాం. అక్క కాలరు కుడుతూనే కళ్ళు తుడుచుకుని, “అచ్చం నా మనసులో మాటేనే” అంది. సాయంత్రం గంట కొట్టగానే పిల్లకి పంపేసింది.

మర్నాడు ఆదివారం. వంటింట్లో అక్కా నేనూ దుప్పటి మడతపెడుతుంటే పిల్ల వచ్చి నిలబడింది. మూడు నెలల తర్వాత, తనంతట తను. అక్క చేతిలో దుప్పటి కొస జారిపోయింది.

“అమ్మా, నిన్న పంపింది నువ్వు విన్నావా?”

“విన్నానే బంగారం. మొత్తం విన్నాను.”

“ఆ అమ్మాయి చెప్పిందంతా విని కూడా పంపావా?”

“ఏ అమ్మాయే?”

పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తన ఇయర్‌ఫోన్లు తెచ్చి, రెండూ అక్క చెవుల్లో పెట్టింది. అప్పుడు తెలిసింది మేం చేసిన ఘనకార్యం. మా లైనులో ఎవరు ఇయర్‌ఫోన్లు కొన్నా ముందు కుడి చెవిది కత్తిరించి పారేస్తాం. లేకపోతే వైరు మిషన్‌లో పడుతుంది. పైగా విరిగిన చప్పుడు వినబడేలా ఒక చెవి సూది మీద ఉండాలి. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి చూపిస్తేగానీ కొత్తది ఇవ్వరు. మిగతావన్నీ ఒక చెవితో విన్నా సరిపోయేవి. ఇందులో మాత్రం తల్లి గొంతు ఎడమవైపు, కూతురి గొంతు కుడివైపు. తల్లి ఆగిన ప్రతిసారీ కూతురు ఏడుస్తూ చెబుతూనే ఉంది, మాకే వినబడలేదు.

అక్క వింటూ వింటూ గోడకి చేరగిలబడింది.

“ఇదంతా నేను వినలేదే. నీ మీద ఒట్టు.”

“నేను చెప్పింది కూడా వినలేదుగా” అంది పిల్ల. “పరీక్షల ముందు, ఇక్కడే నిలబడి చెప్పాను.”

“ఏం చెప్పావే?”

“నాకు బతకాలని లేదమ్మా అన్నాను. పాలు పొంగుతున్నాయి ఉండు అన్నావు.”

అక్క ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. ఏ మాటకామాటే, తప్పించుకోలేదు.

“గుర్తులేదే తల్లీ” అంది. “ఇప్పుడూ అలాగే ఉందా?”

పిల్ల అవునన్నట్టు తలూపింది.

అక్క నేలమీద చతికిలబడి, పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. “మొదట్నుంచీ చెప్పు” అంది. పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. అది మామూలుగా చెప్పలేదు, మా ఇద్దరినీ నిలువునా కడిగేసింది. అక్క మధ్యలో నోరు తెరవబోయి, పెదవి పళ్ళకింద నొక్కిపట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మా అక్క అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు. నేను వరండాలోకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్ చేశాను, ఆవిడ వెంటనే తీసుకురమ్మన్నారు. చెబుదామని లోపలికి వస్తే పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. అక్క నావైపు చూడకుండానే, ఆగమని చెయ్యి చూపించింది.