శాంతిదళానికి నీళ్లు మోసిన మా మామ

మా మేనమామ ఇక లేడన్న వార్త కంపెనీ నుంచి రాలేదు. ఆఫ్రికాలో ఆయనతో పాటు ట్యాంకర్ నడిపే మలయాళీ డ్రైవర్ ఫోన్ చేసి, హిందీలో రెండు ముక్కలు చెప్పి ఏడ్చేశాడు. అత్త ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వు విను. నాకు తప్పు వినబడ్డది" అంది.

మామ సైన్యంలో లారీలు నడిపి రిటైరయ్యాడు. బొల్లారం మైదానంలో నాకు బండి నేర్పింది ఆయనే. లైటు తగ్గించడం మరిచిపోతే వెనక నుంచి భుజం తట్టేవాడు: "ఎదురొచ్చేటోడు సుత ఇంటికి పోవాలెరా." పెళ్లికి బస్సు కట్టించుకుని వెళ్లినా, "డ్రైవర్ తిన్నడా?" అని అడగందే విస్తరి ముందు కూర్చునేవాడు కాదు.

రిటైరయ్యాక కార్ఖానా బస్తీలో ఒక బ్యాంకుకు కాపలా ఉన్నాడు కానీ ఇమడలేకపోయాడు. "కుర్చీల కూసొని గేటు చూసుడు నాతోని కాదు" అన్నాడు. ఆఫ్రికాలో శాంతిదళం శిబిరాలకు, శరణార్థుల గుడారాలకు నీళ్లు చేరవేసే ప్రైవేటు కంపెనీ ఒకటి ఆయన్ని తీసుకుపోయింది.

ఆదివారాలు ఫోన్ చేసేవాడు. "సిపాయిలకు ఉక్కు బండ్లు. మాకు తలుపు లోపట ఇసుక బస్తా" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

ఆ వారం దారిలో కాల్పులు మొదలయ్యాయి. దళం బండ్లు ఆగిపోయాయి. వెళ్లాలో వద్దో డ్రైవర్ల ఇష్టమంది కంపెనీ. అత్త ఫోన్‌లో బతిమాలింది. "పోకు. నీకు దండం పెడత."

"గుడారాలల్ల పిల్లలున్నరే. నిన్నటిసంది నీళ్లు లెవ్వు. జెర పోయొస్త."

నీళ్లు దింపాడు. ఖాళీ ట్యాంకర్‌తో తిరిగి వస్తుంటే కాల్చేశారు.

ఆయన్ని ఇంటికి తెప్పించుకోవడానికి మేం పట్టుకోని కాళ్లు లేవు. ఆయన సిపాయి కాదని దళం వాళ్లు అన్నారు. తనంతట తానే వెళ్లాడని కంపెనీ వాళ్లు అన్నారు. కంపెనీ ఆఫీసు మెట్ల మీద అత్త కూలబడిపోయింది.

"మరి నా మనిషి ఎవరి మనిషి సార్?"



చివరికి పెట్టె వచ్చింది. ఆయన పాత సైన్యపు నేస్తాలు మామూలు చొక్కాల్లో వచ్చి గోడవారగా నిలబడ్డారు. మూత మీద కంపెనీ స్టిక్కరు అంటించి ఉంది. అత్త పెట్టె పక్కన కూర్చుని దాన్ని గోటితో గీకడం మొదలుపెట్టింది. "నేను తీస్తనమ్మా" అని ఎవరో వంగారు. ఆమె వినిపించుకోలేదు. గోరు చీలి రక్తం వస్తున్నా, ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని గీకుతూనే ఉంది.