ఇటలీ రత్నరాజు గొట్టాల విందు

మోపిదేవి దాటి కరకట్ట వెంబడి కాస్త దూరం నడిస్తే వచ్చే ఆ పల్లెలో రత్నరాజు ఇల్లెక్కడని అడిగితే, ఏ రత్నరాజు అని ఎదురు అడిగేవారు. ఇటలీ రత్నరాజు అంటే మాత్రం చంటిపిల్లాడు కూడా వేలు పెట్టి చూపించేవాడు. చూపించి, పకాలున నవ్వేవాడు. ఆ పేరు గౌరవంతో పెట్టింది కాదు మరి!

యుద్ధం రోజుల్లో పటాలంలో వంటవాడిగా చేరి, ఓడెక్కి ఇటలీ దాకా వెళ్ళొచ్చానని ఆయన అంటాడు. పూనాలో గిన్నెలు తోమొచ్చి ఇటలీ అంటున్నాడని ఊరంటుంది. రుజువేదయ్యా అంటే, ఉన్న నాలుగు ఫొటోలూ ట్రంకుపెట్టెలో పెట్టాననీ, ఆ పెట్టె కాస్తా బెజవాడ స్టేషన్లో ఎవడో కొట్టేశాడనీ చెప్పేవాడు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఆయనది నిజం. అందుకే అతకలేదు, పాపం.

పోనీ ఊరుకుంటాడా అంటే, ఊరుకునే నోరా అది! రెండెకరాల కౌలు చేలో గట్టు తెగితే ఇటలీ వాళ్ళ రాతిగట్ల గురించి చెప్పేవాడు. ఎవరింట్లోనో పెళ్ళయితే ఇటలీ పెళ్ళిళ్ళ గురించి చెప్పేవాడు. చావుకు వెళ్ళి కూడా ఇటలీ సమాధుల మాటెత్తితే, భార్య సువర్ణ వెనకనుంచి చొక్కా పట్టి లాగేది.

ఊరు నవ్వితే ఆయన దులుపుకునేవాడు. దులుపుకోలేనిది ఒక్కటే, తల్లి ప్రేమమ్మ మనసులోని మాట. యుద్ధంలో ఉన్న రెండేళ్ళూ ఆమెకు ఒక్క ఉత్తరం ముక్క అందలేదు. కొడుకు పోయాడనే అనుకుంది. ఆదివారం ఆదివారం యేసయ్య గుడిలో మోకాళ్ళు వాచేలా ప్రార్థన చేసింది. తీరా వాడు నిక్షేపంలా దిగాడు.

"రాశానమ్మా, ఇటలీ నుంచి నెలనెలా రాశాను" అని ఆయన అంటే, "రాస్తే రావా? ఊళ్ళో అందరి ఉత్తరాలూ వచ్చినియ్యి, నా కొడుకు ఉత్తరానికే కాళ్ళు విరిగినియ్యా?" అనేది. ఎక్కడో హాయిగా తిరుగుతూ కన్నతల్లిని మర్చిపోయాడనీ, ఆ తప్పు కప్పుకోవడానికి ఇటలీని అడ్డం పెట్టుకున్నాడనీ ఆమె నమ్మకం. ఇటలీ అబద్ధమైనంత కాలం కొడుకు ప్రేమా అబద్ధమే. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో తల్లీకొడుకుల మధ్య ఉన్న ముల్లు అదే.

యాభై ఎనిమిదిలో అనుకుంటాను, వానలకు చేలు మునిగాయని మిషన్ వాళ్ళు బందరు నుంచి పల్లెలోని గుడికి బస్తాలు పంపారు. కొన్నిట్లో పాలపొడి. మిగతావాటిలో మాత్రం వేలెడు పొడుగున, గట్టిగా, పచ్చగా, బోలుగా ఉన్న గొట్టాలు! మాకరోనీ అని బస్తా మీద రాసి ఉందట. ఆడవాళ్ళు పట్టుకెళ్ళి, బియ్యానికి పెట్టినట్టే కొలిచి ఎసరు పెట్టి, మూతపెట్టి, మెత్తగా ఉడికేదాకా కదలకుండా కూర్చున్నారు. మూత తీస్తే ఏముంది, జిగురు! "గోడలకి సినిమా కాగితాలు అంటించుకోడానికి భేషుగ్గా ఉంటదండి అయ్యగారూ" అన్నారు పాస్టరుగారితో. ఒకరింట్లో గేదె కూడా మూతి తిప్పుకుందట. ఇక పారబోయించడమే అని అయ్యగారు నిట్టూర్చారు.

ఆ మాట విని రత్నరాజు గుడి వసారాకు పరుగెత్తాడు. బస్తాలో చెయ్యి పెట్టి ఒక గొట్టం తీశాడు. వేళ్ళ మధ్య తిప్పి, కంటి దగ్గర పెట్టి అందులోంచి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇయ్యే! ఇయ్యేనండి అయ్యగారూ! ఇటలీలో మేం తిన్నవి ఇయ్యే! దోసకాయా టమాటా కోసి, నూనే పులుపూ కలిపి, చల్లగా పెడతారండి. పిల్లా పెద్దా కొట్టుకుని తింటారు. పారబోయకండి. కోతపండక్కి ఊరందరికీ నేను వండిపెడతాను."

అప్పుడే గుడివాడ నుంచి వచ్చి ఉన్నాడు ఆయన చెల్లెలు లీలావతి మొగుడు ప్రకాశరావు. రైసుమిల్లులో పని. బావను ఆటపట్టించడానికే పామర్రులో బస్సు మారి మరీ వస్తాడని పేరు.

"బావా, చల్లకూడు పెట్టి పండగ చేస్తానంటావేంటి! సరే, పందెం. జనం తిని బాగుందంటే నువ్వు ఇటలీ వెళ్ళావని నేనే బందరు దాకా చాటింపేయిస్తాను. ఉమ్మేశారనుకో, ఈ జన్మలో నీ నోట ఇటలీ మాట రాకూడదు. ఒప్పుకుంటావా?"

రత్నరాజు తల్లివైపు చూశాడు. ప్రేమమ్మ చీరకొంగు సర్దుకుని, "ఒప్పుకోరా. ఆ మాట ఇనకపోతే నా పేణానికీ హాయి" అంది. ఆ మాట ఆయనకు కత్తిలా దిగింది. "ఒప్పుకున్నా" అన్నాడు.

కోతలయ్యాక గుడిలో చేసే కోతపండగ ఆదివారం, తెల్లారకముందే గుడి వెనక గాడిపొయ్యి తవ్వి గుండిగ ఎక్కించారు. ఊళ్ళో పెద్ద విందులకు గరిటె పట్టేది ధనమ్మ. రత్నరాజుకు వరసకు వదిన. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, తప్పెక్కడ పడుతుందా అని చూస్తోంది. నీళ్ళు తెర్లుతుంటే రత్నరాజు దోసెడు ఉప్పు వేసి, గొట్టాలు పోసి, తెడ్డుతో కలుపుతూ కాసేపటికి ఒకటి తీసి కొరికాడు. "దించండి" అన్నాడు.

ధనమ్మ తనూ ఒకటి కొరికింది. "నీ మొహం, ఉడకందే! లోపల పలుకుంది."

"ఆ పలుకే కావాలి వదినా. నువ్వు పులిహోరకి అన్నం ఎట్టా వారుస్తావు?"

ధనమ్మ నోరు తెరిచి ఆయనకేసి చూసింది. "పులిహోరా! ఓరి నీ అమ్మ కడుపు కాలా, అది ముందే చెప్పి చావొచ్చుగా! ఇటలీ ఇటలీ అంటే ఏదో అనుకున్నాను!" అని కొంగు బిగించింది. ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరు. గంజి వార్చడం, చాప మీద గుడ్డ పరిచి గొట్టాలు ఆరబెట్టడం, అంటుకోకుండా పైన నువ్వులనూనె చిలకరించడం, అంతా తనే నడిపించింది. రత్నరాజు మాత్రం నాలుగు గుప్పెళ్ళు చిన్న గిన్నెలో వేసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. అదెందుకని ఎవరూ అడగలేదు.

లంకతోటల లేత దోసకాయలు, టమాటాలు, ఉల్లిపాయలు సన్నగా తరిగారు. నిమ్మకాయలు పిండారు. ఇటలీలో నేరేడుపండులా ఉండే ఒక ఉప్పుకాయ వేసేవారట. అది ఎక్కడ దొరుకుతుంది? ఉప్పులో ఊరిన ఉసిరికాయలు చీల్చి వేశాడు. అన్నీ కలిపి నోట్లో వేసుకున్నాడు. చప్పగా ఉంది. ఆ రుచి కాదు.

"ఏమండీ, ఓ తాలింపు పెట్టనా?" అంది సువర్ణ.

"ఇటలీలో తాలింపుండదే!"

"తినేది ఇటలీ వాళ్ళు కాదుగా. మనూరి వాళ్ళు."

రత్నరాజు తెడ్డుతో గుండిగలో ఒకసారి కలిపాడు. అక్కడ ఆయనకు ఇది నేర్పిన ముసలమ్మ కూడా ఒకరోజు నూనె లేకుండా, ఒకరోజు టమాటా లేకుండా, దొడ్లో ఏ ఆకు దొరికితే అది తుంచి కలిపేది. ఎలా చేసినా పిల్లలు గిన్నె నాకేవారు. ఆయన పట్టుదల సడలింది. "పెట్టు" అన్నాడు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడి గుండిగలో పడేసరికి గుడిలో పాట పాడుతున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం తాళం తప్పారట. పిల్లలకు మిరపకాయ తగలకుండా ఒక పళ్ళెం వేరే తీయించాడు.

ముందు పిల్లల పంక్తి వేశారు. వాళ్ళు గొట్టాలను వేళ్ళకు ఉంగరాల్లా తొడుక్కుని, ఒక్కొక్కటీ పళ్ళతో లాక్కుని తిని, విస్తళ్ళు చాపారు. ఆడా మగా పెద్దల పంక్తిలో ప్రకాశరావు ముందు కూర్చున్నాడు. వేలితో తాకి, "చల్లారిపోయిందే బావా!" అన్నాడు.

"మీ గుడివాడలో పులిహోర పొయ్యి మీంచి దించీ దించగానే తింటారా అబ్బాయ్?" అంది ధనమ్మ గరిటె ఊపుతూ. పంక్తి గొల్లుమంది.

ప్రకాశరావు తిన్నాడు. మళ్ళీ వేయించుకున్నాడు. మూడోసారి వేయించుకుంటూ, నములుతూనే మెలిక పెట్టాడు. "బాగుంది బావా, కాదన్ను. అయితే మాత్రం? ఏ మద్రాసు దొరగారి వంటింట్లోనో నేర్చుకుని ఉంటావు. వంట బాగుంటే ఇటలీ వెళ్ళినట్టేనా?"

నలుగురు తలలూపారు. నిజమేగా! రత్నరాజుకు ఇంత చేసీ చేతికొచ్చిన చేను వరదపాలైనట్టయింది. అడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆ చిన్న గిన్నెలోవి తల్లి విస్తట్లో వడ్డించాడు.

ప్రేమమ్మ రెండు ముద్దలు తిని ఆగింది. పక్కనున్న కూతురి విస్తట్లోంచి ఒకటి తీసి నొక్కి చూసింది. "ఇదేంట్రా, దీనివి గట్టిగా ఉన్నాయి, నావి ఎన్నపూసలా ఉన్నాయి?"

"నీకు పళ్ళు లేవు కదమ్మా" అన్నాడు రత్నరాజు నీరసంగా. "ఆవిడా అంతే. పిల్లలవి వార్చేశాక, తనకని ఓ గుప్పెడు కుండలోనే వదిలేసేది. నాకు తెలీక, మెత్తబడిపోతున్నాయని దించబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. నోరు తెరిచి చిగుళ్ళు చూపించింది."

"ఎవురా ఆవిడ?"

"మేం మకాం పెట్టిన ఊళ్ళో ముసలమ్మ. రోజా అని పేరు. కొడుకు యుద్ధానికి పోయాడు. వాడి బిడ్డల్ని ఆవిడే సాకేది. నాకు పెట్టినప్పుడల్లా నా మొహం చూసి ఏడ్చేది. మాట తెలీకపోయినా అర్థమయ్యేదమ్మా."

ప్రేమమ్మ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "కొడుకు ఉత్తరం రాలేదా ఆవిడకి?"

"రాలేదమ్మా."

ప్రేమమ్మ కళ్ళలోంచి నీళ్ళు జారి విస్తట్లో పడ్డాయి. తను మోకాళ్ళ మీద ఏడ్చిన రోజుల్లోనే, ఎక్కడో సముద్రాల అవతల మరో తల్లి అదే ఏడుపు ఏడుస్తూ తన కొడుక్కి వడ్డించింది. ఆ ఏడుపు ఎలా ఉంటుందో ప్రేమమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉత్తరాలు తప్పిపోతాయి. రాయని కొడుకులే కాదు, రాసినా అందని కొడుకులూ ఉంటారు.

"ఆ తల్లి కడుపు చల్లగుండ! నా బిడ్డకి అన్నం పెట్టిందిరా!" అని పైకే అనేసింది. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని లేచి నిలబడింది. "అల్లుడుగారూ, మా వాడు ఇటలీ వెళ్ళొచ్చాడండి. నేను చెప్తున్నాను. చాటింపేయించండి!"

ప్రకాశరావు విస్తరి ముందు నుంచి గబుక్కున లేచాడు. "వెళ్ళొచ్చాడండి అత్తయ్యగారూ! చాటింపేంటి, పామర్రు సెంటర్లో నేనే నిలబడి అరుస్తాను!" అన్నాడు. పిల్లలు కేకలు వేశారు. ధనమ్మ గరిటెతో గుండిగ మీద డప్పు వాయించింది. సువర్ణ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ప్రేమమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇప్పుడు చెప్పరా, నువ్వు ఓడ దిగిన కాణ్ణించి చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు" అంది.

అడక్కుండానే పన్నెండేళ్ళు వాగిన మనిషి! అడిగేసరికి ముందు మంచినీళ్ళు అడిగాడు. అవి తాగి, తల్లి మొహంలోకి చూశాడు.

"ఓడ దిగేసరికి అక్కడ వాన పడుతోందమ్మా" అని మొదలుపెట్టాడు. ప్రకాశరావు చంటిపిల్లాడిలా ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాడు.