కూత తెగిన చోటు

మా మనవరాలు బడిలో ఫుట్‌బాల్ ఆడుతుంది, కాలనీలో కబడ్డీ ఆడుతుంది, ఇంట్లో నాతో వాదులాడుతుంది. పోయిన వేసవి సెలవులంతా మా మధ్య నలిగిన వాదం ఒకటే: ఏ ఆటకు ఎక్కువ ఒళ్లు కావాలి?

“ఫుట్‌బాలే తాతా. గంటన్నర ఉరుకుడే ఉరుకుడు. క్రికెట్ల సగం మంది ఖాలీ నిలబడ్తరు.”

“నిలబడుడు అల్కగుంటదా? మూడు గంటలు ఎండల నిలబడి, నిద్రొస్తున్నప్పుడు బంతొస్తది. అప్పుడు పిల్లి లెక్క దుంకాలె. చల్లబడ్డ ఒళ్లుతోటి దుంకుడు ఎంత కష్టమో నా మోకాళ్లనడుగు.”

“నీ మోకాళ్లు క్రికెట్ ఎప్పుడాడినయ్?”

జిల్లా జట్టు వాళ్లు పిలిచారని చెప్పాను. పిలిచిన మాట నిజమే. బంతి మురిక్కాలవలో పడితే తీసిపెట్టమని పిలిచారు.

ఆడకపోయినా చూశాను. సూరత్‌కు వచ్చి నలభై ఐదేళ్లు దాటింది. మా తెలంగాణ నేతపనివాళ్లు సెలవు దొరికితే ఏదో ఒక ఆట ఆడేవారు. అప్పట్లో నాకొక సిద్ధాంతం ఉండేది. ఇప్పటికీ ఉంది. మనిషి చేసే పనే వాడి ఒంటిని ఏదో ఒక ఆటకు తయారు చేస్తుంది. సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు, ఎనిమిది సాంచాల మధ్య సన్నటి దారిలో రోజంతా అటూ ఇటూ తిరుగుతాడు. ఎక్కడ పోగు తెగితే అక్కడ టక్కున ఆగి తిరగాలి. అవి ఫుట్‌బాల్ కాళ్లు. నూలు కండెలు చుట్టేవాళ్లవి మెత్తటి, చురుకైన వేళ్లు. వాలీబాల్‌లో బంతిని పైకి లేపి ఇవ్వడానికి వాళ్లను మించినవాళ్లు లేరు. పొద్దంతా నేల మీద కూర్చుని పడుగు పోగులు అతికే ఆడవాళ్లు చేయి ఆనించకుండా లేచి నిలబడతారు. ఖోఖోలో వాళ్లను ముట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇక బట్ట తానుల కట్టలు మోసేవాళ్లు పట్టుకున్న కాలును దేవుడొచ్చినా విడిపించలేడు.

“మరి అన్నిట్ల పెద్దది ఏది?” అని అడిగింది మనవరాలు.

“కబడ్డీ. మిగతా ఆటలన్నీ ఊపిరి పీల్చుకుంట ఆడేటియి. ఇందుల ఊపిరే బంతి. అది చేతులకెల్లి జారితే నువ్వు అవుట్.”

ఆ మాట తర్వాత నా పాత కథ రాక తప్పదు. ఒకే దమ్ములో ఐదుగురిని ముట్టి, కాలు పట్టుకున్న ఆరోవాణ్ని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చిన కథ. కాలనీలో తెలియనివాళ్లు లేరు. ఐదుగురిని కాదు, ఇద్దరిని ముట్టాను. ఈడ్చుకు రావడం గురించి తర్వాత చెబుతాను.

మేముండేది కోసాడ్ కాలనీలో. ఆల్థాన్ వైపు ఉండే తెలుగువాళ్ల ఆడపిల్లలకూ మా కాలనీ ఆడపిల్లలకూ ఒక ఆదివారం పొద్దున కబడ్డీ పోటీ పెట్టుకున్నారు. మా జట్టుకు నాయకురాలు మా మనవరాలే. గీత దగ్గర నిలబడి కూత తెగిందో లేదో వినడానికి ఒక మనిషి కావాలి. రెండు జట్లూ ఒప్పుకున్నది ఒక్కడినే, కాలనీ గేటు ముందు మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న మా బావను. చుట్టరికం ఏమీ లేదు. ఒకే తాలూకా నుంచి వచ్చిన వరస అది. ఈ వయసులోనూ బండి వెనకాల ఎవరైనా గుసగుసలాడితే తిరిగి జవాబిచ్చే చెవులు ఆయనవి.

ఆయన రానన్నాడు.

“నా చెవులు ఒకసారి దెబ్బ తీసినయ్ బిడ్డా. మల్ల వాటిని నమ్మి పది మందిల నిలబడ.”

మనవరాలు ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది. ఆ ఒకసారి ఏమిటో దానికి తెలియదు. నాకు తెలుసు. అది నా కథే. పెరటి వైపు నుంచి చెప్పాలి, అంతే.

అప్పట్లో మా కార్ఖానాకూ పక్క వీధి కార్ఖానాకూ కబడ్డీ పోటీ. మా కార్ఖానా వెనక ఖాళీ జాగాలో ఆట. గోడ అవతల మరో కార్ఖానాలో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. కూత వినడానికి సాంచాలు బాగుచేసే మాస్టర్‌ను గీత దగ్గర నిలబెట్టారు. ఆయన చెవుల వయసు ఆయన వయసుకు రెండింతలు. బావ అవతలి జట్టులో ఉన్నాడు. తానులు మోసే పనికి కుదిరి పదిహేను రోజులే అయింది. ఊరి చెవులు, ఇంకా పాడవలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని సాంచాల కార్ఖానాలో ఎవరూ అరవరు. పెదవులు కదుపుతారు. చాయ్ తాగుదామా, పోగు తెగింది, సేటు వస్తున్నాడు, అన్నీ గొంతు లేకుండానే. రెండేళ్లు పనిచేస్తే ఎదుటివాడి పెదవులు చూడగానే చెవిలో వాడి గొంతు మోగుతుంది. ఆ మాట విన్నామో చూశామో మాకే తెలియదు.

ఆట సరిసమానంగా నడిచి, చివరి కూతకు నేను వెళ్లాను. ఇద్దరిని ముట్టాను. తిరిగి వచ్చేటప్పుడు బావ నా చీలమండ పట్టుకున్నాడు. నేలకు కరుచుకుపోయాను. గీత మూరెడు దూరంలో ఉంది. ఛాతీలో దమ్ము అయిపోయింది. గొంతు ఆగిపోయింది. పెదవులు మాత్రం ఆగలేదు. వాటికి ఆ పని అలవాటు. కబడ్డీ కబడ్డీ అని కదులుతూనే ఉన్నాయి. ఆ చాటున ముక్కుతో గాలి పీల్చాను.

బావ కాలు వదిలేసి చెయ్యి పైకెత్తాడు. “కూత తెగింది,” అన్నాడు. కూత తెగాక పట్టుకోవాల్సిన పనేముంది? ఆయన చేసింది న్యాయం. నేను పాకి గీత ముట్టాను.

“తెగలే. నేను ఇన్న,” అన్నాడు మాస్టర్.

చుట్టూ నిలబడ్డ యాభై మందీ మేమూ విన్నామన్నారు. బావ సొంత జట్టువాళ్లు కూడా విన్నామన్నారు. వాళ్ల నాయకుడు బావ నెత్తిన ఒక్కటిచ్చాడు.

“పట్టిన కాలు ఇడిసిపెట్టినవేందిరా చెవిటోడా?”

ఆ పేరు ఉండిపోయింది. ఈడ్చుకు రావడం అనేది నేను తర్వాత తయారు చేసుకున్న ముక్క. బావ ఆర్నెల్లలో కార్ఖానా మానేసి బండి పెట్టుకున్నాడు. మళ్లీ ఏ ఆట దగ్గరా నిలబడలేదు. బజ్జీలు తినడానికి వచ్చే నేతపనివాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు. నేను పిలవలేదు. దాన్ని చాలాకాలం నా మంచితనం అనుకున్నాను.

పోటీకి రెండు రోజుల ముందు సాయంత్రం బండి దగ్గరకు వెళ్లాను.

“బావా, ఆనాడు కూత తెగింది. నీ చెవులు కరెక్టే.”

ఆయన బజ్జీలు తిప్పుతూనే ఉన్నాడు. “మొన్న నీ మనవరాలికి ఐదుగురిని ముట్టిన అని చెప్పినవట. ఇయ్యాల తెగిందంటున్నవ్. ఏదన్న ఒక మాట మీద నిలబడు బావా.”

“ఇది నిజం. నోరు ఒక్కటే ఆడిచ్చిన.”

“పిల్లలు పంపిండ్రా నిన్ను? నా మీద జాలితోటి ఈ వయసుల నువ్వెందుకు చిన్నగైతవ్?” అని జాలిగంటె పక్కన పెట్టాడు. “యాభై మంది ఇన్నరు. నేనొక్కన్నే ఇనలే. యాభై మంది చెవులు ఖరాబ్, నా ఒక్కనివే మంచియా? గిట్ల యాడనన్న ఉంటదా?”

ఉంది. సరిగ్గా అట్లాగే ఉంది. కానీ జీవితమంతా ఇద్దర్ని ఐదుగురిగా చెప్పినవాడి నోట్లోంచి వస్తే నిజం కూడా మరో గొప్పలాగే వినిపిస్తుందని ఆ సాయంత్రం తెలిసింది. పొట్లం చేతిలో పెట్టి పంపించాడు.

ఇంటికి వచ్చి మనవరాలికి అంతా చెప్పాను.

“అయితే ఫుట్‌బాలే ఫస్ట్ కద తాతా?”

“అదీ ఇదీ కలపకు. నా దమ్ము చిన్నదైతే ఆట చిన్నదైతదా?”

“మరి బజ్జీ తాత నమ్మేదెట్ల?”

ఆదివారం పొద్దున ఆట మొదలయ్యే ముందు మనవరాలు బావను చెయ్యి పట్టుకుని గీత దగ్గరకు తీసుకొచ్చింది. “ఒక్కసారి తాతా. తప్పయితే మల్ల అడగ,” అంది. ఆయన భుజం మీది తువ్వాలతోనే కళ్లకు గంతలు కట్టింది. ఒక పక్క రెండు జట్ల ఆడపిల్లలు, ఇంకో పక్క కుర్చీల్లో మా పాత కార్ఖానాల ముసలివాళ్లు. బావను చెవిటోడన్న ఆ నాయకుడు కూడా ఉన్నాడు, ఊతకర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని.

లుంగీ మడిచి కట్టి గీత దాటాను. కూత పెట్టాను. ఒక నిమిషం పాటు నిలబెట్టాను అని రాద్దామనుకున్నాను. పది కబడ్డీలకే ఛాతీ ఖాళీ అయింది. గొంతు ఆపి, పెదవులు ఆడిస్తూ అడుగులు వేశాను.

బావ చెయ్యి వెంటనే లేచింది.

“ఇంక నడుస్తున్నది, నడుస్తున్నది,” అన్నారు కుర్చీల్లోంచి ఇద్దరు ముగ్గురు.

ఆడపిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆల్థాన్ పిల్ల ఒకతె నవ్వేసింది. “ఎక్కడ నడుస్తోంది? ఆవాజ్ ఎప్పుడో బంద్ అయింది. తాతగారి నోరొక్కటే ఆడుతోంది.”

నేను పెదవులు ఆపలేదు. కుర్చీల్లో వాళ్లు నా నోటి వైపు చూస్తున్నారు. పిల్లలు వాళ్ల వైపు చూస్తున్నారు. ఒక ముసలాయన చేత్తో తన కళ్లు మూసుకున్నాడు. కాసేపు అట్లాగే ఉండి చెయ్యి తీశాడు. పక్కవాణ్ని కూడా మూసుకోమని సైగ చేశాడు. అప్పుడు ఆపాను.

ఆ నాయకుడు కర్ర ఊతగా లేచాడు. బావ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. “యాభై మందిమి అబద్ధం చెప్పలే. మాకు గట్లనే ఇనపడ్డది,” అన్నాడు. బావ భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, తన కుర్చీకి వెళ్లిపోయాడు.

బావ గంతలు విప్పి నా దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఆనాడు ఎన్నిసార్లు పీల్చినవ్?”

“రెండుసార్లు.”

“మూడు,” అన్నాడు. “ఒకటోసారి నేనే తప్పు ఇన్ననేమో అనుకున్న. రెండోసారికి ఇడిసిపెట్టిన. మూడోది నువ్వు పాకుతుంటే ఇన్న.”

మూడే. ఒప్పుకునేటప్పుడు కూడా ఒకటి తగ్గించాను.

“మూడే బావా,” అన్నాను.

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. మనవరాలి చేతిలోని విజిల్ తీసుకుని గీత పక్కకు వెళ్లి, తల కొద్దిగా వంచి నిలబడ్డాడు.

మొదటి కూత మా మనవరాలిదే. ఇద్దరిని తప్పించుకుని, మూలలో ఒక పిల్లను ముట్టి వెనక్కి తిరిగింది. విజిల్ మోగింది.

“తెగింది,” అన్నాడు బావ.

“తెగలేదు తాతా.”

“మూల కాడ తెగింది. బయటికి నడువ్.”

అది నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది. “తాతా, నువ్వు చెప్పు. నాది తెగిందా?”

నాకైతే చివరి దాకా నడిచినట్టే ఉంది. కుర్చీల్లోవాళ్లు బావ వైపు చూశారు.

“నేను చూసిన బిడ్డా,” అన్నాను. “ఇన్నది ఆయన.”

అది గొణుక్కుంటూ బయటికి నడిచింది. బావ అవతలి జట్టు పిల్లను కూతకు రమ్మని చెయ్యి ఊపాడు.