శేషారత్నమ్మగారి కరెంటు బట్టీ

ఇవాళ మధ్యాహ్నం మా కోడలు కరెంటు కుక్కరు మీట టక్కుమనగానే మూత తీసేసింది. ఆవిరి నా కళ్లజోడును కమ్మేసింది. అన్నాన్ని కాస్త ఉమ్మగిలనివ్వాలంటే ఈ రోజుల్లో ఎవరికుంది ఓపిక? నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోపాటే ఎనభైల నాటి జగ్గయ్యపేటలో ఒక రేకుల షెడ్డు, అందులో శేషారత్నమ్మగారు గుర్తుకొచ్చారు.

భర్త పోయాక, ఆయన మొదలుపెట్టిన ఊరగాయ జాడీల తయారీ పనిని ఆవిడ వదల్లేదు. జాడీలు కాల్చడానికి ఆయన తెచ్చిన కరెంటు బట్టీని తనే నడిపేవారు. నేను బడి మధ్యలో మానేసి, పుస్తకాలు చూసి వైరింగు నేర్చుకున్నవాణ్ణి. బట్టీ తీగలు బాగుచేయడానికి వెళ్లి అక్కడే పనికి కుదిరాను. ఆస్తి ఇంకా ఉమ్మడిదే. నందిగామలో కిరాణా కొట్టు నడిపే ఆవిడ బావగారు ఒక వేసవిలో తేల్చి చెప్పేశారు: "ఈ ఒక్క బట్టీ సరుకు చూస్తానమ్మా. బాగా రాకపోతే దీన్ని అమ్మేద్దాం." నాకు ఒళ్లు మండింది. కష్టం ఆవిడది, తీర్పు ఆయనదా!

ఆ బట్టీ తనంతట తాను ఆగేది కాదు. మూడు స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ వేడిని మెల్లగా పెంచాలి. బట్టీ తలుపుకున్న కంతలోంచి కనబడేలా లోపల ఒక చిన్న మట్టి పుల్ల నిలబెట్టేవారు. చాలినంత వేడి రాగానే అది వంగుతుంది. అసలు పని అప్పుడే మొదలు. వెంటనే కట్టేస్తే నడిమి జాడీలకు వేడి అందదు. అలాగే వదిలేస్తే జాడీల మీది గాజు పూత కారిపోతుంది. ఒక స్విచ్ తీసి, లోపలి రంగు చూసి, మళ్లీ వేసి, వేడిని అక్కడే నిలపాలి.

సరిగ్గా పుల్ల వంగిన సమయానికే బావగారు దిగారు. నల్లద్దం పెట్టి కంతలోకి చూసి, "వంగిందిగా! ఇంకా కరెంటు తగలేయడమెందుకు?" అంటూ మెయిన్ కిందికి లాగేశారు.

"ఎవర్నడిగి తీశారండీ?" అంటూ నేను ఆయన మీదికి వెళ్లాను.

శేషారత్నమ్మగారు లేచి మెయిన్ పైకి వేశారు. "బావగారూ, వార్చిన అన్నం వార్చినట్టే వడ్డిస్తే మీరు తింటారా? ఉమ్మగిలనివ్వండి." తర్వాత నావైపు తిరిగి, "నువ్వు కూడా ఒక స్విచ్ తీసెయ్ నాయనా. బట్టీ కంటే నీ వేడే ఎక్కువైంది" అన్నారు.

బావగారు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"చెడితే మాత్రం నన్ననకమ్మా."

"అననండి. కూర్చోండి."

ఆవిడ బట్టీ ముందు పీట వేసుకుని కదల్లేదు. పొలాల్లో మోటార్లు ఆగి కరెంటు ఎక్కువైతే ఒక స్విచ్ తీసేవారు, మందగిస్తే వేసేవారు. ఆయన సణిగినప్పుడల్లా "ఇంకా కాలేదండి" అనేవారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతు.

కట్టేశాక కూడా, తలుపు మీద అరచెయ్యి నిలిచేదాకా ఎవర్నీ తెరవనివ్వలేదు. తెరిచిన రోజు బావగారు నడిమి వరుసలోంచి ఒక జాడీ తీసి వేలితో మీటారు. ఖంగుమంది. లోపల తడిమి చూశారు. గాజులా నున్నగా ఉంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి, "మా కొట్లో పెట్టేవాటికి మూతలు కాస్త బిగువుగా చేయించమ్మా" అన్నారు. బట్టీ అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

నా కోపం ఈ వయసులోనూ తగ్గలేదు. తగ్గాలనీ లేదు, అన్యాయం చూసి మండకపోతే ఎలా? కానీ నాలుగు కేకలేసి ఇంటికొచ్చేయడం మానేశాను. మా వీధి కుళాయి సంగతి అడగడానికి మునిసిపల్ ఆఫీసుకు వెళితే ఇప్పటికీ "రేపు రండి" అంటారు. వాళ్ల ఎదురుగానే కూర్చుంటాను, గొంతు పెంచకుండా, కుర్చీ వదలకుండా.